పిల్ల తండ్రి ఎవరు? అడవి కోతుల్లో జత ఎంపికను ఎలా చదవాలి

పొద్దున మొదలుపెట్టి చీకటి పడేదాకా ఒక కోతుల గుంపు వెంట నడిచారనుకోండి. ఆ రోజు ఆరుసార్లు జతకట్టడం కంటపడింది. ఆరింటిలో అయిదుసార్లు జతకట్టింది గుంపులోని పెద్ద మగదే. అయితే ఆడవి దాన్నే ఇష్టపడుతున్నాయని పుస్తకంలో రాసుకోవచ్చా? తొందరపడకూడదు. ఆడది నిజంగానే దాన్ని కోరుకుని ఉండవచ్చు. లేదా మిగతా మగవాటిని ఆ పెద్దది దగ్గరికే రానివ్వక పోయి ఉండవచ్చు. కాదంటే కరుస్తుందన్న భయంతో ఆడది ఒప్పుకుని ఉండవచ్చు. చిన్న మగవి పొదల చాటున పని ముగించుకోవడం వల్ల చూసేవాళ్ల లెక్కలోకి రాకపోయి ఉండవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ఆరింటిలో ఒక్కటీ చూలు నిలిచే రోజున జరిగింది కాకపోవచ్చు.

వానరాల్లో లైంగిక వరణం, అంటే జత దక్కించుకోవడంలో గెలిపించే లక్షణాలు తరతరాలకూ నిలిచిపోవడం గురించి చదివేటప్పుడు ఈ చిక్కుముడి గుర్తుండాలి. కంటికి కనిపించే జతకట్టడం వేరు, దానివల్ల పిల్ల పుట్టడం వేరు, ఆ పిల్ల బతికి పెద్దదవడం వేరు. మూడింటి మధ్యా గడపలున్నాయి. ప్రతి గడప దగ్గరా మగవాటి పోటీ, ఆడవాటి ఎంపిక, బలవంతం ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి.

1871లో డార్విన్ ఈ ఆలోచనను రెండు పాయలుగా చెప్పాడు. మగవి తమలో తాము కొట్లాడుకోవడం ఒకటి, ఆడవి తమకు నచ్చినదాన్ని ఎంచుకోవడం రెండోది. మొదటిదాన్ని అప్పటివాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. గొరిల్లా కోరపళ్లూ, ఆఫ్రికా కోతి అయిన బబూన్‌లో మగదాని మెడ మీద జూలూ చూస్తే చాలు కదా. రెండోదానికి గౌరవం దక్కడానికి మరో వందేళ్లు పట్టింది. 1972లో రాబర్ట్ ట్రివర్స్ దానికి గట్టి పునాది వేశాడు. పిల్ల మీద ఎవరు ఎక్కువ పెట్టుబడి పెడితే వాళ్లే ఆచితూచి ఎంచుకుంటారని, తక్కువ పెట్టేవాళ్లు పోటీ పడతారని ఆయన వాదన. చింపాంజీ తల్లికి ఈతకూ ఈతకూ మధ్య అయిదారేళ్లు, ఒరాంగుటాన్‌కు ఏడెనిమిదేళ్లు. జీవితమంతా కలిపినా అది కనే పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తండ్రి తప్పుడువాడైతే పోయేది ఏళ్ల శ్రమ. ఎంపిక అన్నంత మాత్రాన కోతి కూర్చుని తూకం వేస్తుందని కాదు. ఒక రకం మగవాటి వైపు మొగ్గిన ఆడవాటికి ఎక్కువ పిల్లలు బతికితే, ఆ మొగ్గు తరతరాలకూ నిలిచిపోతుంది. అంతే.

కొండముచ్చు చెప్పిన లెక్క

మన ఊళ్లలో చెట్ల మీద కనిపించే కొండముచ్చు ఈ శాస్త్రాన్ని మలుపు తిప్పిన జంతువు. 1960లలో ధార్వాడ్ దగ్గర యుకిమారు సుగియామా అనే జపాన్ శాస్త్రవేత్త, 1970లలో మౌంట్ ఆబూలో సారా బ్లాఫర్ హర్డీ ఒకే దృశ్యాన్ని చూశారు. చాలా గుంపుల్లో ఒకే పెద్ద మగది, దానితోపాటు ఆడవి, పిల్లలు ఉంటాయి. మిగతా మగవి విడిగా మూకలు కట్టి తిరుగుతూ అదను కోసం చూస్తుంటాయి. ఒకనాడు మూక దాడి చేసి పాత మగదాన్ని తరిమేస్తుంది, అందులోంచి ఒకటి గుంపును దక్కించుకుంటుంది. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే పాలు తాగే పిల్లలు ఒక్కొక్కటే గాయాలతో చచ్చిపోవడమో, కనబడకుండా పోవడమో జరుగుతుంది.

ఎందుకో లెక్క వేసి చూడండి. దూడ కుడుస్తున్న ఆవు ఆలస్యంగా ఎదకు వస్తుందని రైతులకు తెలుసు. కొండముచ్చు తల్లిలోనూ పాలిచ్చినంత కాలం అండం విడుదల ఆగి ఉంటుంది. కొత్త మగది వచ్చేసరికి ఒక తల్లి ఒడిలో రెండు నెలల పిల్ల ఉందనుకుందాం. అది పాలు మానేదాకా ఆగాలంటే ఇంచుమించు పదకొండు నెలలు. ఆపైన చూలు 200 రోజులు. పుట్టిన తన పిల్ల పాలు మానడానికి మరో ఏడాది. మొత్తం రెండున్నరేళ్లు. జోధ్‌పూర్ గుంపుల్లో ఒక మగదాని పెత్తనం సగటున నిలిచేది రెండేళ్ల పైచిలుకు మాత్రమే. అంటే దాని పిల్ల ఇంకా ఒడిలో ఉండగానే మరో మగది వచ్చిపడుతుంది. అదే ఆ రెండు నెలల పిల్ల పోతే తల్లి కొద్ది వారాల్లోనే ఎదకు వస్తుంది, మొత్తం లెక్క ఇరవై నెలల్లోకి దిగుతుంది. పెత్తనం పోయేలోగా తన పిల్ల గట్టెక్కుతుంది.

ఇది రద్దీ వల్ల పుట్టిన పిచ్చి ప్రవర్తన అని చాలాకాలం కొందరు వాదించారు. ఆ వాదనను తూచింది డీఎన్ఏ. నేపాల్‌లోని రాంనగర్ అడవిలో కరోలా బోరీస్ బృందం మలం నమూనాలతో తండ్రుల్ని తేల్చి 1999లో ఫలితాలు ప్రకటించింది. పిల్లల మీద దాడి చేసిన మగవేవీ ఆ పిల్లల తండ్రులు కావు. పిల్లను పోగొట్టుకున్న తల్లులకు తర్వాత పుట్టిన పిల్లల తండ్రులు మాత్రం, హంతకులని అనుమానించిన మగవే.

ఇక్కడే ఆడదాని ఎంపికకు కొత్త అర్థం వస్తుంది. మేలైన తండ్రిని వెతకడం ఒక్కటే దాని పని కాదు. తండ్రి ఎవరో మగవాటికి తేలకుండా చేయడం కూడా దాని పనే. తనదేమో అన్న అనుమానమున్న పిల్ల జోలికి మగది పోదు. కొండముచ్చు ఆడదానికి చింపాంజీలా పిరుదుల దగ్గర వాపు రాదు. ఎదలో ఉన్న సంగతి తల వణికించి, తోక దించి, వెనక్కి తిరిగి చూపడం ద్వారానే చెబుతుంది. పశువైద్యులు మూగ ఎద అని ఒక మాట వాడతారు, పైకి గుర్తులేమీ లేకుండా అండం విడుదల కావడం. కొండముచ్చు దగ్గర దీనికి తిరగేసిన కథ నడుస్తుంది. గుర్తులు రోజుల తరబడి కనిపిస్తాయి, అసలు రోజు ఏదో తెలియదు. రాంనగర్‌లో మైకేల్ హైస్టర్‌మాన్ బృందం మలంలోని హార్మోన్లు కొలిచి 2001లో చెప్పింది ఇదే. ఒక్కో ఎదలో అండం ఒక్కో రోజున విడుదలవుతుంది, మగవి ఆ రోజును పసిగట్టలేకపోతున్నాయి. పెద్ద మగది చాలావరకు కాపలా కాసినా, పిల్లల్లో చెప్పుకోదగ్గ వాటా మిగతా మగవాటిదే. అప్పటికే చూలుతో ఉన్న ఆడది కూడా కొత్త మగదానితో జతకట్టడాన్ని హర్డీ ఆబూలో గమనించింది. పిల్ల పుట్టించడం కోసం కాదది, పుట్టబోయే పిల్లను కాపాడుకోవడానికని ఆమె వివరణ. వానరాల్లో ఎంపిక గురించి వచ్చిన ఆలోచనల్లో ఇంతకన్నా లోతైనది మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇథియోపియాలోని సిమియన్ పర్వతాల్లో గడ్డి మేసే గెలాడా కోతులు మరో దారి పట్టాయి. గుంపు చేతులు మారగానే చూలుతో ఉన్న ఆడవాటిలో 80 శాతం దాకా చూలు పోగొట్టుకుంటాయని 2012లో తేలింది. పుట్టగానే చంపబడే పిల్లను మోయడం కన్నా ముందే వదులుకుని కొత్తగా మొదలుపెట్టడం తల్లికి తక్కువ నష్టం. ఎంపిక జతకట్టిన తర్వాత, గర్భం లోపల కూడా జరుగుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

పెద్ద మగది ఎంతమందిని కాపలా కాయగలదు?

గుంపులో మగవి చాలా ఉంటే పోటీ ఎలా తేలుతుందో చెప్పడానికి 1962లో స్టువర్ట్ ఆల్ట్‌మాన్ ఒక సులువైన సూత్రం ఇచ్చాడు. ఒకే రోజున ఒకే ఆడది ఎదలో ఉంటే మొదటి హోదా మగదానికే అవకాశం. రెండు ఉంటే మొదటి రెండు హోదాలకు, మూడు ఉంటే మూడింటికి. ఇది వరస సూత్రం. కెన్యాలోని అంబోసెలీలో 1971 నుంచి సాగుతున్న బబూన్ల అధ్యయనంలో దీన్ని దశాబ్దాల సమాచారంతో సరిచూశారు. స్థూలంగా సూత్రం నిలబడింది. కానీ మొదటి మగదానికి దక్కింది సూత్రం చెప్పినదానికన్నా తక్కువ. ఆ తేడాలోనే కథంతా ఉంది. బబూన్ మగది ఎదలో ఉన్న ఆడదాని వెంట నాలుగడుగుల దూరంలో గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి తిరుగుతుంది. దానికి మేత తగ్గుతుంది, అలసిపోతుంది. రెండు మధ్యరకం మగవి జట్టు కట్టి మీదికి వస్తే వదులుకోవాల్సి వస్తుంది.

మన ఉత్తరాదివైపు ఎర్రమూతి కోతి, అంటే రీసస్, ఈ సూత్రాన్ని దాదాపు వమ్ము చేస్తుంది. అది ఋతువును బట్టి జతకడుతుంది, కొద్ది నెలల్లోనే చాలా ఆడవి ఒకేసారి ఎదకు వస్తాయి. ఒక్క మగది ఇన్నింటిని కాపలా కాయలేదు. 1938లో మన దేశం నుంచి పట్టుకెళ్లిన కోతుల సంతతి ప్యూర్టో రికో పక్కన కాయో సాంటియాగో దీవిలో ఈనాటికీ స్వేచ్ఛగా తిరుగుతోంది. అక్కడ తెలిసినదేమిటంటే, మగది కొత్త గుంపులో అట్టడుగున చేరుతుంది, పైవి చచ్చిపోతేనో వెళ్లిపోతేనో మెట్టు ఎక్కుతుంది. హోదా అంటే బలం కన్నా ఎన్నాళ్లుగా ఉందన్న లెక్కే. ఋతువంతా తిండి మాని ఆడవాటి వెంట తిరిగే ఓపిక దేనికుందో అదే ముందుకొస్తుంది. ఋతువు ముగిసేసరికి మగవి చిక్కిపోయి ఉంటాయి.

ఇలాంటిచోట ఆడదానికి మెసలడానికి చోటు దొరుకుతుంది. రీసస్ ముఖం జతకట్టే కాలంలో ఎర్రబడటం రంగు పదార్థం వల్ల కాదు, చర్మం కింది రక్తప్రవాహం వల్ల. దాన్ని నడిపేవి హార్మోన్లే. ఆ ముఖ వర్ణం వారసత్వంగా వస్తుందని, సంతాన సంఖ్యతో దానికి సంబంధం ఉందని కాయో సాంటియాగో నుంచి 2014లో వెలువడిన పరిశోధన చెప్పింది. ఇక్కడో చిన్న హెచ్చరిక. గోదావరికి దక్షిణాన మనకు అలవాటైన కోతి రీసస్ కాదు, నెత్తిన వెంట్రుకలు టోపీలా పరుచుకున్న బానెట్ కోతి. రీసస్ మెల్లగా దక్షిణానికి చొచ్చుకొస్తోంది కాబట్టి కొన్నిచోట్ల రెండూ ఎదురుపడుతున్నాయి. ఒకదాని గురించి చదివింది రెండోదానికి అంటగట్టకూడదు.

చింపాంజీ: ఇష్టమా, భయమా?

చింపాంజీ ఆడదాని ఋతుచక్రం సుమారు 36 రోజులు. అందులో 10 నుంచి 12 రోజులు వెనకభాగం గులాబి రంగులో బాగా ఉబ్బి దూరానికే కనిపిస్తుంది. అండం విడుదలయ్యేది ఆ వాపు చివరి రోజుల్లో, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో వాపు దిగిపోతుంది. మొదటి వారం ఆడది గుంపులోని దాదాపు ప్రతి మగదానితోనూ జతకడుతుంది. ఒక్కోసారి పట్టేది కొద్ది సెకన్లే. ఒక్క చూలు నిలిచేలోగా ఇవి వందలు దాటతాయి. చివరి రోజులొచ్చేసరికి పెద్ద మగవి కాపలా బిగిస్తాయి. ఒకే వాపు రెండు పనులు చేస్తోందన్నమాట. మొదట తండ్రి ఎవరో అందరినీ గందరగోళంలో పెడుతుంది, చివర పెద్ద మగదాన్ని దగ్గరికి లాగుతుంది.

ఇన్ని జతల మధ్య పోటీ ఆడదాని శరీరంలోకి మారుతుంది. ఎవరి బీజం ముందుగా అండాన్ని చేరుతుందన్నదే ప్రశ్న. 45 కిలోల మగ చింపాంజీ వృషణాల బరువు దాదాపు 120 గ్రాములు. 160 కిలోలు దాటే మగ గొరిల్లాకు సుమారు 30 గ్రాములు. గొరిల్లా తన ఆడవాటిని కండబలంతో కాచుకుంటుంది, లోపల పోటీ ఉండదు, కాబట్టి అంత సరుకు అక్కర్లేదు. 1981లో హార్‌కోర్ట్ బృందం చాలా వానర జాతుల్లో ఈ సంబంధాన్ని చూపింది. ఒక జాతి ఎలా జతకడుతుందో తెలియకపోయినా, శరీర బరువుతో పోల్చి వృషణాల బరువు చూస్తే చాలావరకు ఊహించవచ్చు.

మగవీ ఎంచుకుంటాయి. ఉగాండాలోని కన్యవారాలో మగ చింపాంజీలు వయసు మీరిన తల్లుల కోసమే ఎక్కువగా కొట్లాడతాయని 2006లో మార్టిన్ ముల్లర్ బృందం చెప్పింది. ఈడొచ్చిన పిల్ల ఆడది రెండు మూడేళ్లపాటు వాపు చూపినా చూలు కట్టదు. పిల్లల్ని పెంచిన తల్లి మీద గురి తప్పదు. మగది కూడా కాపలాకు సమయం పెట్టాల్సివస్తే అది కూడా తూచే వైపుకే వస్తుంది.

ఇప్పుడు అసలు ముడి. కన్యవారాలోనూ టాంజానియాలోని గోంబెలోనూ, తమను ఎక్కువగా కొట్టే మగవాటితోనే ఆడవి ఎక్కువగా జతకడుతున్నాయి. గోంబె సమాచారంతో 2014లో వచ్చిన పరిశోధనలో మరో సంగతి బయటపడింది. ఆడదానికి వాపు లేని రోజుల్లో దాన్ని కొట్టిన మగది, ముఖ్యంగా హోదా ఉన్నది, తర్వాత దాని పిల్లకు తండ్రి అయ్యే అవకాశం ఎక్కువ. నెలల ముందే నాటిన భయం తర్వాత ఫలిస్తోంది. ఆ ఆడది అదే మగదాని దగ్గరికి తనంత తానే నడిచి వెళ్లడం చూసిన పరిశీలకుడు దాన్ని ఇష్టమని రాసుకుంటే ఎంత పొరపాటో చూడండి. అలాగని ఇది చింపాంజీలన్నిటి తీరు కాదు. ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో ఆడవి మగవాటిని కాదనడం, తప్పించుకోవడం సాగుతుంది, అండం విడుదల దగ్గరపడేకొద్దీ మరింత పట్టుగా కాదంటాయి. ఎంపికను అక్కడ ఎంపికగా చదవగలం. చింపాంజీలకు దగ్గరి బంధువులైన బొనోబోల్లో పెత్తనం ఆడవాటిదే. గుంపులో తల్లి తోడున్న మగదానికి పిల్లలు పుట్టే అవకాశం మూడింతలని 2019లో తేలింది. కొడుక్కి ఆడది దక్కే విషయంలో తల్లులే ముందుండి నడిపిస్తాయి.

ఎలా కొలుస్తారు, ఎక్కడ తప్పుతారు

నమ్మదగిన అధ్యయనంలో మూడు పోగులు ఒకేచోట ముడిపడాలి. మొదటిది ప్రవర్తన. ఒకే ఆడదాన్ని ఎంచుకుని నిర్ణీత సమయం దాని వెంటే ఉండాలి, కనబడినదానివైపల్లా చూపు తిప్పకూడదు. ఎవరు దగ్గరికి వచ్చారు, ఎవరు దూరం జరిగారు, ఎవరు వెనక్కి తిరిగి చూపారు, ఎవరు కాదన్నారు, మధ్యలో ఎవరు చెడగొట్టారు అన్నవి విడివిడిగా రాయాలి. జతకట్టిన లెక్క ఒక్కటే రాస్తే ఇష్టాన్నీ కాపలానీ విడదీసే దారి ఉండదు. జీన్ ఆల్ట్‌మాన్ 1974లో ఈ పద్ధతిని స్పష్టంగా రాసిన తర్వాతే వేర్వేరు అడవుల లెక్కలు పోల్చడానికి వీలైంది.

రెండోది హార్మోన్లు. అడవిలో రక్తం తీయలేరు కాబట్టి ఒకటి రెండు రోజులకోసారి తాజా మలం సేకరిస్తారు. అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ అవశేషాలు ఒక్కసారిగా పెరిగిన రోజును పట్టుకుని, అవి పేగుల్లోంచి రావడానికి పట్టే సమయాన్ని తీసేసి, రెండు మూడు రోజులు వెనక్కి వెళ్లి అండం విడుదలను అంచనా వేస్తారు. మధ్యలో నాలుగు రోజులు నమూనా దొరకకపోతే అంచనా అంత మేరా సాగిపోతుంది, ఎంపిక చివరి రోజుల్లో మారిందా లేదా అన్న ప్రశ్నకు జవాబే ఉండదు.

మూడోది డీఎన్ఏ. మలం పైపొరలో పేగు కణాలు అంటుకుని ఉంటాయి. కొద్ది గ్రాములు తీసుకుని ఒక రోజు ఆల్కహాల్‌లో నానబెట్టి, ఆపైన సిలికా గుళికల్లో ఆరబెడితే వేడి అడవిలోనూ పాడవదు. చిక్కల్లా దొరికే డీఎన్ఏ అతి తక్కువ కావడమే. డీఎన్ఏలో పరీక్షించే ఒక్కో చోట తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాల్సిన రెండు రూపాల్లో ఒకటి పరీక్షలో కనబడకుండా పోతుంది. ఫలితం చూస్తే రెండూ ఒకటే అన్నట్టు ఉంటుంది. దానితో అసలు తండ్రి కూడా తండ్రి కాదని తేలిపోతుంది. అందుకే ఒకే నమూనాను పలుమార్లు నడిపి చూడాలి.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. తాయ్ అడవిలో చింపాంజీ పిల్లల్లో సగానికి పైగా బయటి గుంపుల మగవాటికి పుట్టాయని 1997లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. పదమూడింటిలో ఏడు అన్న లెక్క అది. ఆడవి రహస్యంగా సరిహద్దు దాటుతున్నాయన్న కథ ప్రపంచమంతా పాకింది. మళ్లీ జాగ్రత్తగా పరీక్షిస్తే బయటి తండ్రులు చాలా అరుదని తేలింది. 2001లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. రాలిన వెంట్రుకల్లోంచి తీసిన డీఎన్ఏ మీద అంత బరువు మోపకూడదన్నది ఆ తర్వాత ఈ రంగమంతా నేర్చుకున్న జాగ్రత్త. ఇంకో గుంట కూడా ఉంది. గుంపులోని మగవన్నిటి నమూనాలూ లేకపోయినా, అన్నదమ్ములే పోటీదారులైనా తండ్రి లెక్క తారుమారవుతుంది.

కొలతల్లోనూ జారుతుంటారు. గోంబె బబూన్లలో పెద్ద వాపున్న ఆడది మంచి తల్లి అవుతుందని, అందుకే మగవి దాన్ని ఎంచుకుంటాయని 2001లో ఒక వాదన వచ్చింది. వాపును శరీర పరిమాణంతో సరిచేసి చూడలేదని వెంటనే ఆక్షేపణ వచ్చింది. పెద్ద శరీరానికి పెద్ద వాపు ఉండటంలో వింతేముంది? అంబోసెలీలో తర్వాత సరిచూస్తే మగవి వాపు పరిమాణాన్ని పట్టించుకోవడం లేదు. ఈత తర్వాత ఎన్ని చక్రాలు గడిచాయో దాన్ని బట్టి వెళుతున్నాయి. చక్రాలు పెరిగేకొద్దీ చూలు నిలిచే అవకాశం పెరుగుతుంది కాబట్టి అది సరైన గురే.

ఈ పోట్లాటలూ బలవంతాలూ చదివి వానరాలన్నీ ఇంతే అనుకునేవాళ్లు బ్రెజిల్ వైపు చూడాలి. మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని కరటింగా అడవిలో మురికీ కోతుల్ని కరెన్ స్ట్రయర్ 1980ల మొదట్నుంచి గమనిస్తోంది. మగదీ ఆడదీ ఇంచుమించు ఒకే సైజు, కోరపళ్లలోనూ పెద్ద తేడా లేదు. ఎదలో ఉన్న ఆడది ఒకదానితో జతకడుతుంటే మిగతా మగవి పక్కనే కూర్చుని చూస్తుంటాయి, కొట్లాట రాదు. కానీ వాటి వృషణాలు శరీరానికి మించినంత పెద్దవి. జత ముగిశాక ఆడదాని దగ్గర గట్టిపడిన వీర్యపు బిరడా మిగులుతుంది. తర్వాత వచ్చిన మగది దాన్ని చేత్తో తీసి పారేస్తుంది, ఒక్కోసారి ఆడదే తీసేసుకుంటుంది.